ఆయన ఇచ్చిన కానుక నా గొంతుకు సరిపడటం లేదు

పేరు రాయవద్దని కోరిన ఒక పాఠకురాలి ఉత్తరం ఇది. ఆమెకు 42 ఏళ్ళు. పదకొండేళ్ళుగా పాట నేర్పుతున్నారు. కొంతకాలంగా పాఠాలు ఎక్కువగా వీడియో కాల్‌లోనే సాగుతున్నాయి. పొద్దున నడకకు వెళ్ళినప్పుడు, మధ్యాహ్నం పని చేసుకుంటూ శిష్యులు పంపిన రికార్డింగులు వింటారు. సాయంత్రం మూడు గంటల పాటు పాఠాలు చెబుతారు. అంటే రోజులో చాలాసేపు చెవిలో ఏదో ఒకటి ఉండాల్సిందే. ఏడాదిలో రెండు జతల వైరు ఇయర్‌ఫోన్లు పిన్ను దగ్గర తెగిపోయాయి. ఆ మధ్య వైరు తలుపు గడియకు తగులుకుని ఫోను కింద పడింది, తెర పగిలింది. అది చూసిన ఆమె భర్త కొత్త ఫోనుతో పాటు పుట్టినరోజు కానుకగా మంచి వైర్‌లెస్ ఇయర్‌బడ్లు కొనిచ్చారు. ఆ కొత్త ఫోనుకు ఇయర్‌ఫోన్ జాక్ లేదు.

ఇబ్బంది వారంలోనే మొదలైంది. "ఫోనులో కీబోర్డు యాప్ పెట్టుకుని శిష్యులకు స్వరం అందిస్తాను. ఇప్పుడు స్వరం నొక్కి వేలు తీసేశాక అది నా చెవికి చేరుతోంది. మీ గొంతు నూతిలోంచి వస్తున్నట్టుంది టీచర్ అని పిల్లలు అంటున్నారు" అని రాశారామె. భర్తకు చెప్పకుండా, ఫోను ఛార్జింగ్ రంధ్రానికి వైరు ఇయర్‌ఫోన్లను కలిపే ఒక అడాప్టర్ తెప్పించుకుని పాత వైరు ఇయర్‌ఫోన్లతోనే పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు. ఆయన చూశారు. "వేదిక మీద పాడేవాళ్ళందరూ వైర్‌లెస్‌వే పెట్టుకుంటారు, నీకే ఎందుకు కుదరదు?" అని ఒక్క మాట అని ఊరుకున్నారు. ఆ తర్వాత ఇద్దరి మధ్యా మాటలు తగ్గాయి. మరోవైపు, మెదడు పక్కన రేడియో తరంగాలు పెట్టుకోవద్దని తల్లి భయపెడుతున్నారు. "నేను కొత్తదానికి అలవాటు పడలేని పాతకాలపు మనిషినా? కానుకను పక్కన పెడితే ఆయన్ను పక్కన పెట్టినట్టేనా? పెళ్ళయిన కొత్తలో బస్సులో ఒకే ఇయర్‌ఫోన్లను చెరో చెవిలో పెట్టుకుని పాటలు వినేవాళ్ళం. ఇప్పుడు అదే వస్తువు దగ్గర ముభావంగా కూర్చున్నాం" అని ముగించారు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదట మీ చెవి గురించి చెబుతాను. మీకు వినిపిస్తున్న ఆలస్యం నిజంగా ఉన్నదే, మీ ఊహ కాదు. పదకొండేళ్ళుగా స్వరాన్నీ తాళాన్నీ పట్టుకుని బతుకుతున్న చెవి అది. పాటలు వినడానికి మాత్రమే ఇయర్‌బడ్లు వాడేవారిలో చాలామంది దాన్ని ఎప్పటికీ గమనించరు.

బ్లూటూత్‌లో శబ్దం ఉన్నది ఉన్నట్టుగా గాలిలో ప్రయాణించదు. ఫోను ముందు దాన్ని కుదించి, చిన్న చిన్న పొట్లాలుగా కట్టి పంపుతుంది. చెవిలోని బడ్ వాటిని అందుకుంటుంది, దారిలో ఏవైనా పోతే మళ్ళీ అడుగుతుంది, కాసిని పోగయ్యాక విప్పి వినిపిస్తుంది. ఇదంతా జరగడానికి మామూలు ఇయర్‌బడ్లలో సెకనులో పదో వంతు నుంచి పావు వంతు వరకు పడుతుంది, కొన్నిటిలో ఇంకా ఎక్కువే. మధ్యరకంగా 0.2 సెకను అనుకుందాం. గాలిలో ధ్వని సెకనుకు దాదాపు 343 మీటర్లు వెళుతుంది. అంటే ఆ కీబోర్డు మీ చేతిలో లేదు, సుమారు 70 మీటర్ల అవతల ఎవరో వాయిస్తుంటే మీరు ఇక్కడ నిలబడి పాడుతున్నారు. నిమిషానికి 120 దెబ్బల వేగంలో ఒక్కో దెబ్బకు ఉండేది అర సెకను. అందులో 0.2 సెకను పోతే తాళం ఏం నిలుస్తుంది?

సినిమా చూసేటప్పుడు ఈ తేడా మీకు తెలియదు. శబ్దం ఎంత ఆలస్యమవుతుందో ఫోనుకు ముందే తెలుసు కాబట్టి బొమ్మను కూడా అంతసేపు ఆపి చూపిస్తుంది. రికార్డింగులు వినేటప్పుడూ తెలియదు, ఎందుకంటే అక్కడ పోల్చుకోవడానికి మీ వేలు లేదు. మీ వేలు మాత్రం ఆగదు కదా. మీటను నొక్కిన క్షణంలోనే స్వరం కావాలి. వైరులో విద్యుత్తు రూపంలో వెళ్ళే శబ్దానికి లెక్కపెట్టదగ్గ ఆలస్యమే ఉండదు.

ఒక విషయం కూడా చెప్పాలి. మీకూ శిష్యులకూ మధ్య ఇంటర్నెట్ వల్ల వచ్చే ఆలస్యం వేరే ఉంది. మీరు ఏ ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నా అది పోదు. ఇద్దరూ కలిసి ఒకే గొంతుగా పాడటం వీడియో కాల్‌లో వైరుతో కూడా కుదరదు. వైరు తగ్గించేది మీ వైపు అదనంగా చేరే ఆలస్యాన్నే.

ఇక నూతిలోంచి వస్తున్న గొంతు సంగతి. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆపింది ఇదే, ఎందుకంటే నష్టపోతున్నది శిష్యులు. సంప్రదాయ బ్లూటూత్‌లో రెండు పద్ధతులు ఉన్నాయి. పాట వినడానికి ఒకటి. అందులో శబ్దం ఒకవైపే వెళుతుంది, కుడి ఎడమలు వేరుగా, నాణ్యంగా వినిపిస్తుంది. మాట్లాడటానికి ఇంకొకటి. అందులో శబ్దం రెండు వైపులా వెళ్ళాలి కాబట్టి నాణ్యతను బాగా కుదించేస్తారు. మీరు కాల్‌లో ఇయర్‌బడ్ల మైకు వాడటం మొదలుపెట్టగానే అవి మొదటి పద్ధతి వదిలి రెండోదానికి మారిపోతాయి. సీడీలో సెకనుకు 44,100 సార్లు శబ్దాన్ని కొలుస్తారు. ఈ కాల్ పద్ధతిలో పాతదైతే 8,000 సార్లు, కాస్త మెరుగైనదైతే 16,000 సార్లు. కొలిచిన దానిలో సగం వరకు ఉన్న పౌనఃపున్యాలే, అంటే సెకనుకు అన్ని కంపనాల వరకు ఉన్న ధ్వనులే దక్కుతాయి. అంటే 4,000 లేదా 8,000 హెర్ట్జ్ దాటినదంతా తెగిపోతుంది. శ, ష, స అనే అక్షరాల తేడాను పట్టిచ్చే గాలి చప్పుడులో పెద్ద భాగం ఆ పై మెట్లలోనే ఉంటుంది. సాహిత్యం స్పష్టంగా పలకమని శిష్యురాలిని సరిదిద్దే గొంతు, ఆ స్పష్టతనే పోగొట్టుకుని వాళ్ళకు చేరుతోంది. మీ చెవికి వాళ్ళ గొంతు చేరేదీ అలాగే.

మీ వారి ప్రశ్నకు కూడా జవాబు ఉంది. ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్న, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. వేదిక మీద గాయకుల చెవుల్లో ఉండేవి వైర్‌లెస్‌వే, కానీ బ్లూటూత్ కాదు. వాటికి ప్రత్యేకమైన రేడియో ప్రసార యంత్రం ఉంటుంది, ఆలస్యం సెకనులో వెయ్యో వంతులలోనే. ఈసారి అలాంటి కార్యక్రమం చూసేటప్పుడు ఇద్దరూ కలిసి గాయకుడి మెడ వెనుక చూడండి. చెవి నుంచి సన్నని వైరు ఒకటి వీపు మీదుగా నడుముకు దిగుతుంది. అక్కడ అగ్గిపెట్టె కంటే పెద్దదైన ఒక రిసీవర్ బిగించి ఉంటుంది. గాలిలో వచ్చేది ఆ పెట్టె దాకానే, అక్కడి నుంచి చెవి దాకా వైరే. పాడే పనికి వైరును ఇంకా దాదాపు ఎవరూ వదులుకోలేదన్న సంగతి ఆయనకు మీరు చెప్పడం కంటే ఆయన కళ్ళతో చూస్తేనే బాగుంటుంది.

అయితే వైరును నెత్తిన పెట్టుకోవద్దు. మీరు తెంపిన ఆ రెండు జతల్లో ఏదైనా ఇంకా దాచి ఉంటే, పిన్ను పక్కన రెండు అంగుళాల మేర వెలుతురులో పట్టుకుని చూడండి. మెత్తటి తొడుగు ఒకచోట తెల్లబారి, నలిగి ఉంటుంది. దాన్ని చీల్చితే లోపల వెంట్రుక కంటే సన్నని రాగి పోగులు, పెట్టిన రంగును బట్టి ఎర్రగానో పచ్చగానో, కనిపిస్తాయి. రాగిని ఒకేచోట పదే పదే వంచితే గట్టిపడి, పెళుసెక్కి విరుగుతుంది. పోగులు ఒక్కొక్కటిగా విరుగుతుంటే ముందు గరగర, తర్వాత పిన్నును ఒక కోణంలో తిప్పి పట్టుకుంటేనే ఒక చెవి పలకడం, చివరికి నిశ్శబ్దం. ఫోనును జేబులో పెట్టి కూర్చోవడం, ఫోను చుట్టూ వైరు బిగించి చుట్టడం, వైరు పట్టుకుని లాగి తీయడం, ఈ మూడూ దాని ప్రాణం తీస్తాయి. పిన్నును పట్టుకుని తీయండి. వదులుగా, అరచేతి వెడల్పున చుట్ట చుట్టండి. ఒంపు తిరిగిన పిన్ను ఉన్నవి, లేదా వైరు ఊడదీసి మార్చుకోగలిగినవి తీసుకుంటే, వైరు పోయినా ఇయర్‌ఫోన్లు నిలుస్తాయి.

మీ వారు చూసినది ఈ విరిగిన వైరునూ, నేల మీద పగిలిన తెరనూ. మీరు తిట్టుకుంటూ పిన్ను తిప్పుకోవడం ఆయన ఏడాదిగా చూస్తున్నారు. ఆయన కొన్నది ఆ ఇబ్బందికి మందు. మీకు కావలసినది వేరొక ఇబ్బందికి మందు. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్ల మీ ఇద్దరి మధ్యా మాట ఆగిపోయింది. అంతకుమించి ఇందులో ఎవరి తప్పూ నాకు కనిపించలేదు.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

పూర్తిగా వైరుకు తిరిగి వెళ్ళవచ్చు. పాఠాలకు అది అన్నివిధాలా మంచిది. 2016లో ఐఫోన్ 7 నుంచి ఆపిల్ ఇయర్‌ఫోన్ జాక్ తీసేసింది, ఆ తర్వాత చాలా కంపెనీలు అదే బాట పట్టాయి. కాబట్టి అడాప్టర్ తప్పదు. అడాప్టర్లు చూడటానికి ఒకేలా ఉన్నా రెండు రకాలు. ఒకదానిలో డిజిటల్ సంకేతాన్ని శబ్దంగా మార్చే చిప్పు ఉంటుంది, ఇంకొకదానిలో ఉండదు. చిప్పు లేనిది కొన్ని ఫోన్లలో అసలు పలకదు. కొనేటప్పుడు ఆ ఒక్క మాట అడిగి తీసుకోండి. ఇయర్‌ఫోన్లూ ఛార్జరూ ఒకే రంధ్రం కోసం పోటీ పడతాయి కాబట్టి మూడు గంటల పాఠానికి ముందే ఫోను నిండా ఛార్జ్ చేయాలి, లేదా రెండూ పట్టే అడాప్టర్ తీసుకోవాలి. అయితే ఈ దారిలో నడకలోనూ పనిలోనూ వైరు మళ్ళీ గడియలకు తగులుకుంటుంది. కానుక సొరుగులో ఉంటుంది. సొరుగు తెరిచినప్పుడల్లా ఇద్దరికీ అది కనిపిస్తుంది.

వైర్‌లెస్‌తోనే సర్దుకోవచ్చు. అలా చేయాలనుకుంటే పాఠాలను ఫోను నుంచి కంప్యూటర్‌కు మార్చి, అక్కడ మైకుగా వేరే మైకును ఎంచుకుని, ఇయర్‌బడ్లను వినడానికి మాత్రమే వాడండి. అప్పుడు అవి పాట పద్ధతిలోనే ఉంటాయి, నూతి గొంతు పోతుంది. ఫోనులో చాలా కాల్ యాప్‌లు ఈ ఎంపిక ఇవ్వవు. స్వరం అందించడానికి యాప్ బదులు సొంత స్పీకరున్న కీబోర్డు పెట్టుకుంటే వేలికీ స్వరానికీ మధ్య దూరం పోతుంది. మీ ఇయర్‌బడ్లలో గేమింగ్ మోడ్ లాంటిది ఉంటే ఆలస్యం కొంత తగ్గుతుంది. 2020లో ప్రకటించిన ఎల్‌ఈ ఆడియో అనే కొత్త బ్లూటూత్ పద్ధతి ఆలస్యాన్నీ కాల్ నాణ్యతనూ రెండింటినీ మెరుగుపరుస్తుంది, కానీ ఫోనూ ఇయర్‌బడ్లూ రెండూ దానికి తగినవై ఉండాలి. ఇన్ని సర్దుబాట్లు చేసినా వైరు ఇచ్చే తక్షణ స్పర్శ రాదని మాత్రం చెప్పాలి. బ్యాటరీ సంగతి కూడా తెలుసుకోండి. ఇయర్‌బడ్‌లోని చిటికెన వేలి గోరంత లిథియం బ్యాటరీ కొన్ని వందల ఛార్జింగుల తర్వాత నీరసిస్తుంది. రోజంతా వాడితే రెండు మూడేళ్ళలో తేడా తెలుస్తుంది. చాలావాటిలో అది అతికించి ఉంటుంది, మార్చడం కష్టం. వైరు ఇయర్‌ఫోన్లు జాగ్రత్తగా వాడితే పదేళ్ళ తర్వాత కూడా మొదటి రోజులాగే పలుకుతాయి.

లేదా పనిని బట్టి పంచుకోవచ్చు. పాఠాల మూడు గంటలూ వైరు. నడక, ఇంటి పని, రికార్డింగులు, సినిమా అన్నీ ఆయన ఇచ్చినవాటితో. మీ రోజును చూస్తే నాకు ఇదే సహజంగా అనిపిస్తోంది. కదలకుండా కూర్చుని చేసే పనిలో వైరు ఎక్కడా తగులుకోదు, కదిలే పనిలో ఆలస్యం ఎవరికీ తెలియదు. గంటల లెక్క వేస్తే కానుకే మీ చెవిలో ఎక్కువసేపు ఉంటుంది. ఇందులోనూ భారం ఉంది, రెండింటినీ చూసుకోవాలి. పాఠాలు లేని రోజుల్లో అడాప్టర్ ఎక్కడ పెట్టారో మరిచిపోతారు, దాన్ని వైరు ఇయర్‌ఫోన్లకే తగిలించి వదిలేయండి. ఎప్పుడైనా ఇయర్‌బడ్లను నెలల తరబడి వాడకపోతే సగం ఛార్జ్‌లో ఉంచి, మధ్యమధ్యలో ఛార్జ్ చేయండి. పూర్తిగా ఖాళీ అయి పడి ఉంటే బ్యాటరీ చచ్చిపోతుంది. నడకలో శబ్దం తెగితెగి వస్తుంటే ఫోనును ఇంకో వైపు జేబులోకి మార్చి చూడండి. బ్లూటూత్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను మనిషి ఒంట్లోని నీరు బాగా పీల్చుకుంటుంది.

మీ అమ్మగారి భయం గురించి క్లుప్తంగా చెబుతాను. ఇయర్‌బడ్లు సాధారణంగా కొద్ది మిల్లీవాట్ల శక్తితో పనిచేస్తాయి. చెవికి ఆనించి పెట్టుకున్న ఫోను దానికి ఎన్నో రెట్లు ఎక్కువ శక్తి వెదజల్లగలదు. ఈ తరంగాలకు ఎక్స్‌రేల్లా కణాల్లోని అణువులను చీల్చే బలం లేదు. ఆమెకు ఈ మాట ఓపికగా చెప్పండి. నిజంగా భయపడాల్సినది శబ్దం స్థాయికి, అది వైరుకైనా వైర్‌లెస్‌కైనా ఒకటే. పెద్దవాళ్ళకు 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటలకు మించి వినవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 90 డెసిబెల్స్ అయితే వారానికి నాలుగు గంటలే. రోజంతా చెవిలో పెట్టుకునే మీకు ఈ లెక్క చాలా దగ్గరి విషయం. చెవిలోకి సరిగ్గా అమరే రబ్బరు తొడుగు ఎంచుకుంటే బయటి చప్పుడు తగ్గి, తక్కువ స్థాయిలోనే అన్నీ వినిపిస్తాయి. మీ చెవులు మీ జీవనాధారం కాబట్టి గట్టిగా చెబుతున్నాను, ఫోనులో శబ్దానికి పరిమితి పెట్టే ఏర్పాటును ఇవాళే తెరిచి చూడండి.

పాడేటప్పుడు మాత్రం ఆ రబ్బరు తొడుగులే ఇబ్బంది పెడతాయి. చెవి రంధ్రం పూర్తిగా మూసుకుంటే మీ గొంతు ఎముకల ద్వారా లోపల మోగి, లావుగా, గుమ్మటంలో పాడినట్టు వినిపిస్తుంది. శ్రుతి తప్పుతున్నామేమో అన్న అనుమానం అక్కడే పుడుతుంది. మీరు పాడి వినిపించేటప్పుడు ఒక చెవి తీసేయండి. లేదా పాఠాలకు రబ్బరు లేని, చెవి అంచున కూర్చునే పాత తరహా వైరు ఇయర్‌ఫోన్లు వాడండి.

మీ వారితో ఎలా మాట్లాడాలన్నది మీకు నాకంటే బాగా తెలుసు. నేనైతే వివరణతో మొదలుపెట్టను, 'ఆలస్యం', 'కాల్ పద్ధతి' అనే మాటలు వాదనలా వినిపిస్తాయి. పక్కన కూర్చోబెట్టుకుని, ఆయన ఇచ్చిన ఇయర్‌బడ్లు ఆయన చెవుల్లోనే పెట్టి, కీబోర్డు యాప్ తెరిచి 'స' నొక్కమనండి. తర్వాత వైరుతో నొక్కమనండి. రెండుసార్లు చాలు. ఆ తర్వాత, చెప్పకుండా అడాప్టర్ తెప్పించినందుకు ఆయన నొచ్చుకుని ఉంటారని మీరే ముందు అనండి. నా అంచనాలో ఆయన్ను బాధించింది వైరు కాదు, మీరు దాన్ని దాచడం. ఏమీ మాట్లాడకుండా పాఠాల్లో కూడా ఇయర్‌బడ్లే వాడి ఆయన్ను సంతోషపెట్టడమూ ఒక దారే. కానీ దాని వెల మీ శిష్యులు చెల్లిస్తారు, కొన్నాళ్ళకు ఆ చిరాకు ఇంకో రూపంలో ఆయన మీదే పడుతుంది.

బస్సులో చెరో చెవి అని రాశారు కదా. 1979లో సోనీ తెచ్చిన మొదటి వాక్‌మన్‌కు రెండు జాక్‌లు ఉండేవి, ఇద్దరు కలిసి వినడానికి. ఒంటరిగా వినడం పక్కవాళ్ళకు మర్యాదగా అనిపించదేమోనని దాన్ని చేసినవాళ్ళు అనుకున్నారు. మీ దగ్గరున్న వైర్‌లెస్ జతతో ఆ పని ఇంకా సులువు, వైరు పొడవుకు కట్టుబడకుండా పక్కపక్కన నడవవచ్చు. ఒక్క చిక్కు ఏమిటంటే, పాటలో కుడి ఎడమలు వేరుగా ఉంటాయి కాబట్టి ఒకరికి వాయిద్యం, ఇంకొకరికి గొంతు ఎక్కువగా వినిపించవచ్చు. ఫోను సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ విభాగంలో 'మోనో ఆడియో' అని ఉంటుంది. అది ఆన్ చేస్తే రెండు బడ్లలోనూ పాట పూర్తిగా వస్తుంది. రేపు పొద్దున నడకకు ఆయన్ను కూడా రమ్మనండి, ఎడమదో కుడిదో ఆయన్నే ఎంచుకోనివ్వండి.